మోగని కత్తి

కాకోలగిరి భుజం మీదికి సూర్యుడు ఎక్కేసరికి, కొండకింద కత్తులపేట వీధి వీధంతా ఒక్కసారిగా భగ్గుమంది. రెండు వరసల అంగళ్ళలోనూ వేలాడుతున్న ఖడ్గాలు, బాకులు, కటారులు, బల్లెపుమొనలు ఎండ తాగి కళ్ళు మిరుమిట్లు గొలిపాయి. నెమలిమెడ పిడులు, సింహపునోటి పిడులు, పగడాలు పొదిగిన ఒరలు, వాటికి పావురాయిరంగు పట్టుకుచ్చులు. సానరాళ్ళ మీంచి లేస్తున్న రవ్వలు పట్టపగలు రాలుతున్న చుక్కల్లా ఉన్నాయి. వీధి చివర, ఏనుగుల మందను నిలబెట్టి గోడ కట్టినట్టు నల్లకోట. దాని బురుజుల మీద, అంగళ్ళ చూరుల మీద, ఎక్కడ చూసినా కాకులు.

వర్ణించాలంటే ఇంకా చాలా ఉంది. ఎంత వర్ణించినా అందులో ఒక్క కత్తీ కుమ్మరి పోలి చేతికి రాదు గనక ఇక్కడితో చాలు.

రాజుల కథల్లో కత్తులు గుహల్లో దొరుకుతాయి. లేదంటే ఏ దేవతో ప్రత్యక్షమై చేతికిచ్చి మాయమైపోతుంది. కుమ్మరిదానికి ఏ దేవతా కత్తి ఇవ్వదు. బజారుకెళ్ళి, బేరమాడి, మోసపోకుండా కొనుక్కోవాలి. పోలి ఆ పని మీదే వచ్చింది.

కాకోలుడనే మాంత్రికుడు రాజును చంపి గద్దెనెక్కిన నాటి నుంచీ, ఏటా ఒక్కో ఊరూ ఒక్కో మనిషిని నల్లకోటకు అప్పజెప్పాలి. లోపలికి పోయినవాళ్ళు ఏమయ్యారో బయట ఎవరికీ తెలియదు. ఈ ఏడు సారెపల్లెలో కుండలో చెయ్యిపెట్టి గింజలు తీస్తే, నల్లగింజ పోలికి వచ్చింది.

తప్పించుకునే దారి ఒక్కటే ఉంది. దాని పేరు గీత. కోటవాకిలి ముందున్న మైదానంలో సున్నంతో గుండ్రంగా గీత గీస్తారు. పక్కన నీళ్ళతొట్టిలో, అడుగున చిల్లున్న చిన్న రాగిగిన్నెను, అంటే కుడుకను, తేలవేస్తారు. నీళ్ళెక్కి ఆ కుడుక మునిగేదాకా, కోటవాళ్ళు పంపిన కత్తిగాడి ఎదుట గీత దాటకుండా నిలబడాలి. ఇద్దరివీ వాదరకు పదునులేని సాముకత్తులే. కత్తి జారినా ఓటమే, విరిగినా ఓటమే. నిలబడితే విడుదల. కుడుక తేలుతున్నంతసేపూ కోట సైనికులు పదునైన ఆయుధం పట్టుకుని మైదానంలోకి రాకూడదు, గీత పక్కన సాక్షులుగా నిలిచిన ఇద్దరి మీదా చెయ్యి వెయ్యకూడదు. ఇది పాతరాజుల నాటి కట్టుబాటు. తీసేస్తే జనం తిరగబడతారని కాకోలుడు ఉంచాడు. ఉంచినా తనకొచ్చే నష్టం లేదని కూడా ఉంచాడు. ఎందుకంటే కత్తి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఇంతవరకూ సారెపల్లె నుంచి వెళ్ళిన ప్రతి కత్తీ గీతలో విరిగింది. మాంత్రికుడి మంత్రానికే విరుగుతున్నాయని ఊరు ఊరంతా నమ్మింది.

అప్పజెప్పాల్సిన అమావాస్యకు వారం ఉంది. అంతలో ఏనాడైనా గీత పిలవొచ్చు, ఒక్కసారే. ఈలోపు కత్తి కొనాలి, దాన్ని పట్టుకోవడం నేర్చుకోవాలి. నేర్పుతానన్నవాడు పక్కనే నడుస్తున్నాడు. గొంగళ్ళమ్మే మారప్పట వాడి పేరు. రేవులో మొసలి నోటికి చిక్కబోతుంటే పోలి జుట్టుపట్టి ఒడ్డుకు లాగింది, ఆ విశ్వాసంతో వెంట వచ్చాడు. చచ్చిపోయిన రాజు కొడుకు అమరకేతు ఇతనే, మారువేషంలో ఉన్నాడు; ఆ సంగతి మీకు మాత్రం చెబుతున్నాను. పోలికి తెలియదు. ఆమె అత్త అచ్చమ్మకు అసలే తెలియదు గనక, కుండల బుట్ట అతని నెత్తిన పెట్టి మోయిస్తోంది.

"కాస్త నిటారుగా నడువు, అబ్బయా. చట్లు గలగలమంటున్నాయి. రాజుగారి బిడ్డవా ఏంది, ఆ వొయ్యారం?" అంది అచ్చమ్మ.

అమరకేతు ఉలిక్కిపడి నిటారుగా నడిచాడు.

మొదటి అంగడి కోటవాకిలికి దగ్గర్లోనే ఉంది. అంగడివాడు జెట్టప్ప వాళ్ళను చూడగానే పీట మీంచి దిగి ఎదురొచ్చాడు.

"రా తల్లీ, రా. గీతకేనా? నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. పల్లెలోళ్ళ కోసమని చవక సరుకు వేరే తెప్పించా. లాభం చూసుకోను. పుణ్యానికి అమ్ముతున్నా."

"పుణ్యం తిన్న పొట్టేనా అది?" అంది అచ్చమ్మ.

జెట్టప్ప నవ్వేశాడు. వాడికి కోపం రాకపోవడం పోలికి నచ్చలేదు. తిడితే నవ్వేవాడు ఏదో ఒకటి అంటగట్టకుండా వదలడు.

అచ్చమ్మ అన్నిటికంటే పెద్ద కత్తిని రెండుచేతులా ఎత్తింది. "ఇది తీసుకోవే పోలీ. బరువుంది. బరువుంటే సరుకున్నట్టే."

"అది బిందె కాదత్తా."

"చెయ్యి చాపి పట్టుకో అక్కా," అన్నాడు అమరకేతు. "పట్టుకుని, మీ ఊళ్ళో కుండలు కాల్చే ఆవం ఎట్లా పేరుస్తారో చెప్పు."

పోలి చెయ్యి చాపి చెప్పడం మొదలుపెట్టింది. కింద పిడకలు పరవాలి, పైన పెద్ద కుండలు బోర్లించాలి, సందుల్లో చిన్నవి. సందుల దాకా వచ్చేసరికి కత్తిమొన నేలకు దిగిపోయింది. భుజంలో నరం లాగింది.

"చూశావా? ఎదుటివాడు కొట్టకముందే ఇది నిన్ను కొట్టేసింది. కొత్తగా పట్టేవాళ్ళకు బరువు కత్తి పనికిరాదు."

దాన్ని కిందపెట్టి పోలి గోడవారన ఉన్న వరసలోంచి ఒకటి తీసింది. నీలంగా, నున్నగా ఉంది. పిడి మీద చిన్న నెమలి. వేలు మడిచి చెవి దగ్గర కొట్టింది. ఖణేలుమంది! ఆ మోత సాగి సాగి, మూలనున్న బాకులను కూడా సన్నగా మోగించింది. పోలి మొహం విచ్చుకుంది. పుట్టిన దగ్గర్నించీ ఆమె చేతికి తెలిసిన పరీక్ష అదే. కుండను కొట్టి చూడకుండా సారెపల్లెలో ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. మోగిందంటే బాగా కాలింది, పగులు లేదు. మోగలేదంటే దాన్ని ఆవం గడ్డనే వదిలేస్తారు.

"కుమ్మరోళ్ళు గదా," అన్నాడు జెట్టప్ప, తేనె కారుతున్న గొంతుతో. "మీ చెవికి నేను చెప్పేదేముంది? మీ ఊరోళ్ళంతా ఇదే పట్టుకెళ్తారు. ఆ వెండికడియం ఇచ్చెయ్యండి, చాలు."

అచ్చమ్మ అప్పటికే మోచేతి దగ్గరి కడియాన్ని కిందికి జరుపుతోంది. ఇంటిల్లిపాదికీ మిగిలిన వెండి అదొక్కటే.

"వంచి చూడు," అన్నాడు అమరకేతు.

జెట్టప్ప నవ్వు ఆగిపోయింది. "వంచడానికి అది విల్లనుకున్నావా? గొంగళ్ళమ్ముకునేవాడివి, గొంగళ్ళ సంగతి చూసుకో."

వాడు అంత తొందరగా అడ్డం రాకపోతే పోలి వంచేది కాదేమో. కత్తిమొనను గడపచెక్కకు ఆనించి, పిడి మీద మెల్లగా బరువు వేసింది. కత్తి కదల్లేదు. ఇంకాస్త వేసింది. ఫటేలుమని విరిగి, ముక్క గాల్లోకి లేచి, అమరకేతు తలమీది బుట్ట అంచును కోసుకుంటూ పోయి దూలంలో దిగబడింది.

పోలి చేతిలో మిగిలిన మొండెం వంక చూసింది. విరిగినచోట ఇనుము పటికబెల్లం పలుకుల్లా ఉంది.

"అతిగా కాల్చి ఒక్కసారిగా నీళ్ళలో ముంచి వదిలేశారు," అన్నాడు అమరకేతు. "గట్టిగా ఉంటుంది, బ్రహ్మాండంగా మోగుతుంది. తగ్గడం మాత్రం తెలీదు దానికి. గట్టి దెబ్బ పడితే ఇంతే."

పోలికి గుర్తొచ్చింది. నిరుడు గింజ వచ్చిన గాలిసూరి కత్తి ఊరి మధ్య చేతులు మారి మారి మోగింది. ముసలీ ముతకా అందరూ వేలితో కొట్టి, 'ఇదిరా కత్తంటే' అని మురిసిపోయారు. అంతకు ముందేడు బోడక్క కత్తీ అంతే. ఎవరి మంత్రమూ లేదు. ఊరు తన చెవితో తానే ఏరి, తన మనుషుల చేతుల్లో పెట్టింది. జెట్టప్పకు ఆ సంగతి మొదట్నించీ తెలుసు.

"విరగ్గొట్టారు గదా, కడియం తియ్యండి!" అని వాడు అచ్చమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

అచ్చమ్మ చెయ్యి విడిపించుకోలేదు. గొంతెత్తింది. "అయ్యలారా, అమ్మలారా! నొక్కితే విరిగే కత్తులమ్ముతున్నాడు ఈ పుణ్యాత్ముడు! ఎవరెవరి ఇంట్లోంచి గీతకు పోయారో రండి! విరిగిన ముక్క ఈ దూలంలో ఉంది, చూసిపొండి!"

సానపట్టేవాళ్ళు రాళ్ళు ఆపేశారు. పక్క అంగడి ముందున్న బేరగాళ్ళు తిరిగి చూశారు. జెట్టప్ప చెయ్యి వదిలేసి, "వెళ్ళండి, వెళ్ళండి తల్లీ, మీ పుణ్యముంటుంది," అంటూ తడిక దించేశాడు.

"ఇందాక పుణ్యం నీ దగ్గరుందన్నావే?" అంటూ అచ్చమ్మ కదిలింది.

*

బజారు తోక దగ్గర, చిరిగిన చాపపందిరి కింద పాత ఇనుము రాశి పోసి ఉంది. కొడవళ్ళు, బండిపట్టాలు, విరిగిన గడపారలు, వాటి కింద ఒక కట్ట సాముకత్తులు. రాశి ముందు సుంకి అనే ఆవిడ తమలపాకు నములుతూ జోగుతోంది.

"గీతకా?" అంది సుంకి, ఒక కన్ను తెరిచి. "వాటితోనా? పందిరికి అడ్డం కట్టుకోడానికి కొంటారమ్మా వాటిని. పాతరాజు సాముశాల, ఆ తాలింఖానా, ఎత్తేసినప్పుడు బండ్లకెత్తి అమ్మేశారు."

ఆ మాటకు అమరకేతు బుట్ట దించి, వంగి ఒక కత్తి తీసి, దుమ్ము తుడిచి, చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

"ఏందబ్బయా, దానికి పెళ్ళిసంబంధం చూస్తున్నావా?" అంది అచ్చమ్మ.

పోలి ఒకదాన్ని తీసి అలవాటుగా కొట్టింది. డబ్ మంది. పగులుకుండ చప్పుడు. చప్పున కింద పెట్టేసింది.

"ఇది చచ్చిన సరుకు."

"చెవులు మూసుకో అక్కా. ఈ పూటకు నీ చెవి నీకు శత్రువు. చేతితో చూడు."

అతను కత్తిమొన రాతికి ఆనించి నొక్కాడు. కత్తి మధ్యనుంచి మొనదాకా విల్లులా వంగింది. వదిలాడు. టక్కున లేచి నిలబడింది. "వంచితే వంగాలి, వదిలితే లేవాలి. మిగతా అలంకారాలన్నీ గోడకు తగిలించుకోడానికి."

పోలి రాశి ముందు కూచుంది. ఒకటి వంచింది. అది పిడికి దగ్గరగా ఒక్కచోటే మడతపడింది, మిగతాదంతా కర్రలా నిలబడిపోయింది. అమరకేతు తల అడ్డంగా ఊపాడు, దాని ఆయుష్షు ఆ మడత దగ్గరే అయిపోతుందట. ఇంకోటి బాగానే వంగింది గాని లేవలేదు, కుక్కతోకలా వంకరగానే ఉండిపోయింది. మూడోది చక్కగా లేచింది. దాన్ని ఊపితే పిడిలోపల ఏదో లొటలొటలాడింది.

"కత్తికి తోకుంటుంది. పిడి లోపలికంటా దిగి, అటువైపు చివర్న తేలాలి. అక్కడ దాన్ని సుత్తితో అణిచిపెడతారు. ఇందులో తోక వదులైంది. గీత మధ్యలో పిడి నీ చేతిలో ఉంటుంది, కత్తి వాడి కాళ్ళ దగ్గరుంటుంది."

"గరిటెకు కాడ ఊడినట్టు," అంది పోలి.

"ఆ, అంతే."

తర్వాతదానికి వాదర మీద ఒక గంటు ఉంది. గంటులోంచి వెంట్రుకంత పగులు లోపలికి పోయింది. అది పగులేనని పోలికి ఎవరూ చెప్పనక్కర్లేదు, పక్కన పడేసింది. ఆ కింది దానికీ గంట్లున్నాయి, గీరుకుంటున్నాయి గాని లోపలికి పోలేదు. సానరాయి మీద నాలుగు తిప్పులు తిప్పితే పోతాయి. మొన చూసింది. మేకు తలలా గుండ్రంగా అణిచి ఉంది, గుచ్చుకోదు. బొటనవేలు వాదర మీద జరిపింది. తెగలేదు. వంచింది. పూలగంప మీద కట్టిన వెదురుబద్దలా ఒదిగింది. వదిలింది. లేచింది.

"లేచి నిలబడి పట్టుకో. చెయ్యి కిందికి వదులు. మొన నేల తాకిందా?"

"లేదు."

"సరిపోయింది. తాకితే పొడుగెక్కువైనట్టు."

పిడి ఒకటే లావుగా ఉంది. ఎవరో మగాడి చేతికని తాడు మీద తాడు చుట్టారు. పోలి పైచుట్టు విప్పేసి మళ్ళీ పట్టుకుంది. సారె తిప్పే కర్ర ఎట్లా కుదురుతుందో అట్లా కుదిరింది. మళ్ళీ ఒకసారి వేలితో కొట్టింది. డబ్. ఈసారి కింద పెట్టలేదు.

"ఎంతమ్మా?" అంది అచ్చమ్మ.

సుంకి నిద్రకళ్ళతోనే కడియం వైపు చూసింది. "ఆ వెండిముక్క..."

"పందిరికి అడ్డం కట్టుకునేదని ఇప్పుడే నీ నోటితో అన్నావు. పందిరివాసానికి వెండి ఇస్తారా ఎక్కడన్నా? రెండు చట్లు, ఒక మూకుడు. కొట్టి చూసుకో, మోగకపోతే తీసుకోవద్దు. మా సరుకు మోగాల్సిందే."

సుంకి కొట్టి చూసుకుంది. మోగాయి. బేరం తెగింది.

"తూకం ఒకటి చూపిస్తానుండు," అని అమరకేతు కత్తి తీసుకుని, పిడికి నాలుగువేళ్ళ ఇవతల ఒక్కవేలి మీద నిలబెట్టాడు. కత్తి త్రాసుముల్లులా ఊగి నిలిచింది. అది నిలిచిన సంతోషంలో అతను తానెవరి వేషంలో ఉన్నాడో మరిచిపోయాడు. వేలు ఎగరేసి, గాల్లో తిరిగిన కత్తిని పిడి దగ్గర అందుకుని, పిడిని నుదుటికి ఆనించి, మొనను నేలకు తాకించి, వంగి లేచాడు.

రాజవంశపు తాలింఖానాలో బిడ్డకు మొట్టమొదట నేర్పే వందనం అది. ఆ వంశంలో బతికి మిగిలినవాడు ఒక్కడే.

చాపపందిరి మీది ఒంటికన్ను కాకి మెడ వంచి చూసింది. నోరు తెరిచి, మనిషి గొంతుతో అరిచింది.

"అమరకేతు! అమరకేతు!"

బజారులోని చూరులన్నీ అందుకున్నాయి. అమరకేతు, అమరకేతు, అమరకేతు. ఆకాశం నల్లబడిపోయింది.

"ఎవర్రా వాడు?" అంది అచ్చమ్మ.

"నేనే అవ్వా."

అచ్చమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "రాజుగారి బిడ్డ చేత బుట్ట మోయించానా!"

"తర్వాత తిట్టుకుందువు గాని, పరిగెత్తు!"

పరిగెత్తారు. వెనకనుంచి నల్లటోపీల సైనికులు బల్లేలు ఎత్తుకుని తోసుకొస్తున్నారు. అమరకేతు గొంగడి విప్పి వెనక్కి విసిరాడు, ముందొస్తున్నవాడు అందులో చుట్టుకుని సానరాయి మీద పడ్డాడు. సానరాయి తిరుగుతూనే ఉంది, వాడి మీసం సగం పోయింది. అచ్చమ్మ బుట్ట చంకనెత్తుకుని, మిగిలిన కుండలు ఒక్కొక్కటే వెనక్కి విసురుతోంది, ఒక్కొక్క దానికీ ఒక్కో తిట్టు. పోలి కత్తి చంకన పెట్టుకుని, ఒరలమ్మేవాడి పందిరి గుంజ తన్నింది. పందిరి కూలి, ఒరలన్నీ వీధిలో దొర్లాయి. వాటి మీద కాళ్ళు జారి ఇద్దరు బోర్లాపడ్డారు. ఎడంపక్క సందులోకి తిరిగితే ఎదురుగా ఏనుగు. కుడిపక్క సందులోకి తిరిగితే కాకులు మొహాల మీద పడ్డాయి. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని దారి దొరికినవైపల్లా పరిగెత్తి, ముగ్గురూ ఒక్కసారి వెలుతుర్లోకి వచ్చిపడ్డారు.

ఎదురుగా నల్లకోట వాకిలి. వెనక బల్లేలు. కాళ్ళకింద గీత మైదానం.

"నన్నొదిలి మీరు పొండి," అన్నాడు అమరకేతు. "వాళ్ళకు కావలసింది నేను."

పోలికి అమావాస్య గుర్తొచ్చింది. వారముంది. కత్తి ఎట్లా పట్టుకోవాలో తప్ప ఎట్లా విసరాలో ఇంకా తెలియదు. ఇప్పుడు పిలిస్తే మళ్ళీ పిలవడానికి ఉండదు. బల్లేలు మైదానం అంచుకొచ్చాయి.

"గీత!" అని అరిచింది. "సారెపల్లె కుమ్మరి పోలిని! నల్లగింజ నాది! గీత పిలుస్తున్నా! వీళ్ళిద్దరూ నా సాక్షులు!"

అంచుమీదికొచ్చిన బల్లేలు అక్కడే ఆగిపోయాయి. సైనికులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బజారు జనమంతా వెంటబడి వచ్చేసి చుట్టూ నిలబడ్డారు. అంతమంది కళ్ళెదుట కట్టు దాటడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. గడియలు చూసే ముసలాడు తొట్టి దగ్గర కూచుని కునుకుతున్నవాడల్లా లేచి, కుడుకను నీళ్ళ మీద పెట్టాడు.

కోటతలుపు ఓరగా తెరుచుకుంది. మెడదాకా ఇనపముసుగు తొడుక్కున్న మనిషి సాముకత్తి పట్టుకుని బయటికొచ్చాడు. ముసుగుకు కళ్ళదగ్గర రెండు చీలికలే. మెడదగ్గర తాళం.

మొదటి దెబ్బ వచ్చింది కూడా పోలి చూడలేదు. కత్తి అడ్డం పెట్టింది, అంతే. మోచేతిదాకా తిమ్మిరెక్కింది. కత్తి వంగింది, లేచింది. రెండో దెబ్బకు రెండడుగులు వెనక్కి పోయింది. మడమ వెనక సున్నపుగీత బెత్తెడు దూరంలో ఉంది.

"కాళ్ళు దూరం, అక్కా!" అమరకేతు అరిచాడు.

మూడో దెబ్బకు రెండు కత్తులూ పిడుల దగ్గర చిక్కుకున్నాయి. ముసుగు ఆమె చెవి దగ్గరికొచ్చింది. లోపల్నించి, డబ్బాలోంచి వచ్చినట్టు, మాట వినబడింది.

"అలకు ఎదురురొమ్ము పెట్టమాక, అమ్మే. పక్కకు ఒరిగి పోనియ్."

పోలి బిత్తరపోయింది. ఇది కోటలో పుట్టిన మాట కాదు. సముద్రం ఒడ్డు మాట.

నాలుగో దెబ్బ వచ్చింది. ఎదురు నిలబడలేదు. నడుము తిప్పి ఒరిగింది. దెబ్బ ఆమె కత్తి మీంచి జారి, గాల్లోకి పోయింది. జనం హోయని అరిచారు.

"ఎవరు నువ్వు?" అంది పళ్ళ సందున.

"కాకులు చూస్తున్నాయి. గట్టిగా కొడతా, కాచుకో." కొట్టాడు. కాచుకుంది. "ఏటిమొగ జాలరిని. మాకు తేలికైన కత్తులమ్మాడు ఆ జెట్టప్ప. మావోళ్ళకు తేలికదంటే ఇష్టం. లోపలంతా బోలు. విరిగినోళ్ళందరికీ ఈ ముసుగులే. కొట్టకపోతే మెడ కోస్తారు."

పోలికి ఒళ్ళు మండింది. ఎవరి ఊరి అలవాటు ఏదో కనుక్కుని, దానికి తగిన చెత్త అమ్ముతున్నాడన్నమాట. గీతలో ఓడినవాణ్ణి తెచ్చి, తర్వాతి వాడి మీదికి పంపుతున్నారన్నమాట. గాలిసూరి, బోడక్క... ఆ తలుపు వెనక వరసగా నిలబడి ఉన్నారన్నమాట.

"కుడుక ఎంతదాకా వచ్చింది?" అని అరిచింది.

"అంచు తడిసిందే! ఇంకాస్త!" అచ్చమ్మ కేక.

బురుజు మీది కాకులు ఒక్కసారిగా కావుమన్నాయి. కోటలోంచి ఎవరిదో కొరడా గాలిని చీల్చింది. ముసుగుమనిషి భుజాలు వణికాయి. అతను కత్తిని రెండుచేతులా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి దించాడు. ఈసారి పక్కకు ఒరగడానికి చోటు లేదు. మడమ వెనకే గీత. పోలి మోకాలు నేలకానించి, కత్తిని తల మీద అడ్డం పట్టింది. దెబ్బ పడింది. ఆ పాత ఇనుము విల్లులా వంగి, నడిమిభాగం ఆమె పాపిటను తాకింది. జనం ఊపిరి బిగపట్టారు. కత్తి లేచింది. లేస్తూ లేస్తూ, పైనున్న కత్తిని ముసుగుమనిషి చేతుల్లోంచి ఎగరగొట్టి దూరంగా విసిరేసింది.

తొట్టిలో బుడుంగుమంది. కుడుక మునిగింది.

"కుమ్మరి పోలికి విడుదల!" అని గడియలవాడు అరిచాడు. ఆ మాట అని ఎన్నేళ్ళయిందో.

సైనికులు బల్లేలు దించి మైదానంలోకి అడుగుపెట్టారు. సగంమంది అమరకేతు వైపు, సగంమంది ముసుగుమనిషి వైపు. అతను పరిగెత్తలేదు. చేతులు వేలాడేసి నిలబడ్డాడు.

పోలి గీత దాటి బయటికి రావచ్చు. దాటితే ఇల్లు. ఆమె దాటలేదు. కుడుక మళ్ళీ తేలితేనే ఆ బల్లేలు ఆగుతాయి.

"ఇంకో కుడుక వెయ్యి," అంది.

గడియలవాడు తెల్లబోయాడు. "నీది అయిపోయింది గదా తల్లీ?"

"నాది కాదు. ఇతనిది. ఇతనికి బదులు నేను నిలబడతా."

"ఒకింటి మనుషులకే బదులు నిలబడే హక్కు. ఇతను మీకేమవుతాడు?"

పోలి నోరు తెరిచేలోపే అచ్చమ్మ ముందుకొచ్చింది. "నా తోడబుట్టిన తమ్ముడు."

"పేరు?"

"ముందు ఆ ఇనపబుర్ర ఊడదియ్యండి, తర్వాత పేరు చెప్తా. మొహం చూడకుండా పేరెట్లా పెట్టమంటావు?"

జనంలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనకే ఎవరో "కుడుక వెయ్యి!" అన్నారు. సానరాళ్ళ దగ్గర్నించి వచ్చినవాళ్ళు అందుకున్నారు. కుడుక వెయ్యి, కుడుక వెయ్యి. బల్లేలు పట్టుకున్న సైనికులు చుట్టూ చూసుకుని, అడుగులు వెనక్కి వేశారు. ముసలాడు తొట్టి అడుగునుంచి కుడుకను తీసి, నీళ్ళు ఒంపి, కోట వైపు ఒకసారి, జనం వైపు ఒకసారి చూశాడు. నీళ్ళ మీద పెట్టాడు.

ఈసారి కోటతలుపు రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి. లోపల చీకట్లో, ఒకదాని వెనక ఒకటి, ఇనపముసుగులు కనబడ్డాయి. వాటన్నిటినీ పక్కకు నెట్టుకుంటూ, ముసుగు లేకుండా, నల్లటి పట్టుఅంగీ ఈడ్చుకుంటూ కాకోలుడే స్వయంగా బయటికి వస్తున్నాడు. అతని చేతిలో సాముకత్తి ఉంది.

"అక్కా," అన్నాడు అమరకేతు, గొంతు తగ్గించి. "నీ కుడిచెయ్యి పనిచేస్తోందా?"

"లేదు," అంది పోలి. కత్తిని ఎడంచేతిలోకి మార్చుకుని, కాళ్ళు దూరంగా పెట్టి నిలబడింది.